మీవాడు నిద్రపోలేదు మేస్త్రిగారూ

అందుకే అంటున్నా మేస్త్రిగారూ, ఫుట్‌బాల్లో ఈ దేశాల మ్యాచ్‌లు కనిపెట్టినవాడెవడో గానీ, వాడు జన్మలో ఒక్క క్లబ్బునైనా ప్రేమించి ఉండడు. ప్రేమించినవాడైతే, మన ఆటగాళ్ళు మంచి ఊపు మీదున్నప్పుడు సరిగ్గా సీజన్ మధ్యలో వచ్చి, ‘ఏదీ, మీ మంచి కాళ్ళు ఓ నాలుగు జతలు మాకు పంపండి, పది రోజుల్లో తిరిగిచ్చేస్తాం’ అంటాడా? ఇస్తారు లెండి, తిరిగిస్తారు. ఎలా ఇస్తారు? కట్లు కట్టి ఇస్తారు!

అదిగో, హాస్పిటల్ వచ్చేసింది. ఇదే. ఆ గోడ నీడన పెడతా వ్యాను.

దిగరా?

సరే, కూర్చోండి. తొందరేం లేదు. లోపలికి నాలుగింటికి గానీ వదలరు. ఇంకా ముప్పావుగంట ఉంది. ఇంజను ఆపేస్తాను, మీకు తలనొప్పి వస్తుంది.

బస్టాండులో ఎక్కించుకున్నప్పటి నుంచీ నేనే వాగుతున్నా. మీరేమో ఆ సంచీ ఒళ్ళో పెట్టుకుని అద్దంలోంచి రోడ్డు చూస్తున్నారు. మీవాడు ముందే చెప్పాడు లెండి. ‘మా నాన్న రోజుకి పది మాటలు మాట్లాడతాడు బాబాయ్, అందులో ఆరు సిమెంటు గురించే’ అన్నాడు. నేను నవ్వా. ఇప్పుడు అర్థమవుతోంది, వాడు హాస్యమాడలేదని.

నాతో మాట్లాడకపోయినా పర్లేదు. నేనెవణ్ణి? కానీ వాడితో కూడా మాట్లాడటం లేదట కదా. నాలుగు నెలలు! మొన్న ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే సంతకం పెట్టమన్నారు. సంతకం పెడుతూ, ‘నాన్నకి తెలుసా బాబాయ్?’ అన్నాడు. తెలీదురా అన్నా. ‘తెలిసినా రాడులే’ అని కళ్ళు మూసుకున్నాడు.

మీరొచ్చారు. అది చాలు. కానీ పైకెళ్ళే ముందు నేను చెప్పేది కొంచెం వినండి. మీరు ఊఁ కొట్టక్కర్లేదు. వింటే చాలు.

నా గురించి ముందు చెప్పాలి, లేకపోతే మిగతాది మీకు పిచ్చివాడి మాటల్లా ఉంటుంది. ఈ క్లబ్బు వ్యాను ఇరవై రెండేళ్ళుగా నేనే నడుపుతున్నా. అంతకుముందు? మ్యాచ్‌లప్పుడు మైదానం స్టాండులో నిలబడి అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నవాళ్ళలో ఒకణ్ణి. బస్సు కంపెనీలో మంచి ఉద్యోగం. డ్రైవర్ కావాలని క్లబ్బువాళ్ళు గేటుకి కాగితం అంటిస్తే, ఆ కాగితం చింపి జేబులో పెట్టుకున్నా, ఇంకెవడూ చూడకుండా! మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. పెళ్ళిరోజున కూడా నా మొహంలో అంత వెలుగు చూళ్ళేదట, ఈ తాళాలు చేతికొచ్చిన రోజున చూసిందట. అబద్ధం లెండి. అంటే... కొంచెం అబద్ధం.

మూడేళ్ళ కిందట మా కెప్టెన్‌ని దేశం పిలిచింది. ఏ కప్పుకనుకున్నారు? కప్పూ లేదు, కాకరకాయా లేదు. స్నేహపు మ్యాచ్! గెలిచినా ఓడినా ఎవడికీ ఒరిగేదేం లేదు. ఇంకో మూడు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా అవతలివాడు ఎంతో స్నేహంగా వచ్చి మా కెప్టెన్ మోకాలి మీద పడ్డాడు.

ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడానికి నేనే వెళ్ళా. వెళ్ళేటప్పుడు ఇదిగో, మీరు కూర్చున్న సీట్లోనే కూర్చుని, కూనిరాగాలు తీస్తూ వెళ్ళిన మనిషి. వచ్చేటప్పుడు వెనక సీటంతా అడ్డంగా కాలు చాపుకుని వచ్చాడు. ఆ తర్వాత మళ్ళీ ఆడలేదు. ఇప్పుడు ఏదో టైర్ల షాపు పెట్టుకున్నాడు.

ఆ ఏడే మేం కింది డివిజన్లోకి జారిపోయాం.

జారడమంటే పేపర్లో చూసేవాళ్ళకి ఏముంది? పట్టికలో మన పేరు ఒక గీత కిందికి దిగుతుంది, అంతే. ఆ గీత కింద మనుషులుంటారని ఎవరికి తెలుసు? టికెట్ల కిటికీలో కూర్చునే ఆవిడని పొమ్మన్నారు. ఆటగాళ్ళ బట్టలు ఉతికే ముసలాయన్ని పొమ్మన్నారు. మొత్తం పదకొండు మందిని, సరిగ్గా ఒక జట్టంత మందిని. గడ్డి కోసే పెద్దాయన వెళ్ళే రోజున గోలు స్తంభం పట్టుకుని చాలాసేపు అలా నిలబడ్డాడు, బస్సు కోసం నిలబడ్డట్టు. నేనే దింపొచ్చా ఇంటి దగ్గర. దారంతా, ‘ఆ మూల నీళ్ళు నిలుస్తాయి, కొత్తవాడికి చెప్పు’ అంటూనే ఉన్నాడు. కొత్తవాణ్ణి పెడితే కదా!

అప్పట్నుంచి నాకు దేశం మ్యాచ్ అంటే వణుకు.

నవ్వకండి. మీరు నవ్వలేదనుకోండి. టీవీలో దేశం మ్యాచ్ వస్తే ఇంటిల్లిపాదీ బంతిని చూస్తారు. నేను మా గోల్‌కీపర్ భుజం చూస్తా. మా డిఫెండర్ తొడ పట్టుకున్నాడా లేదా అని చూస్తా. ఓసారి మా గోల్‌కీపర్ స్తంభం వైపు దూకబోతుంటే, ‘వద్దురా, వదిలెయ్, తగుల్తుంది!’ అని కేకేశా. గోలు పడింది. అందరూ నావైపు తిరిగారు, నా కేక అక్కడిదాకా వినపడి వాడు వదిలేసినట్టు!

ఇంకోటి చెప్పనా? మా క్లబ్బులో మధ్యలో ఆడేవాడిది పొరుగు దేశం. పోయినేడు మన దేశం మీద వాడే గోలు కొట్టాడు. నా చేతులు పైకి లేచిపోయాయి మేస్త్రిగారూ! లేచి నిలబడి, ‘మావాడే, మావాడే!’ అని గంతులేశా. తర్వాత చూసుకుంటే గదిలో నేనొక్కణ్ణే నిలబడి ఉన్నా. మా బావమరిది టీవీ కట్టేసి, చెప్పులేసుకుని, గుమ్మంలో ఆగి, ‘అక్కా, నీ మొగుణ్ణి ఆ దేశానికే పంపించెయ్, టికెట్ నేను కొంటా’ అనేసి వెళ్ళిపోయాడు. ఆరు వారాలు మా గడప తొక్కలేదు.

దేశం మీద ప్రేమ లేక కాదండీ. ఉంది. కానీ దేశం చాలా పెద్దది. అందులో నా ఒక్కడి కేక తగ్గినా ఎవరికి తెలుస్తుంది? క్లబ్బు అలా కాదే. ఒక్క ఆదివారం నేను కనపడకపోతే గేటు దగ్గరతను ‘ఏం, ఒంట్లో బాలేదా?’ అని కబురు పెడతాడు. మనం లేకపోతే ఎక్కడ లోటు తెలుస్తుందో అక్కడే కదా మనిషి అతుక్కుపోయేది.

సరే. మీవాడి దగ్గరికొస్తా.

మేం వాణ్ణి ‘సూది’ అంటాం. మీకు తెలుసా? తెలీదూ? ఇద్దరు డిఫెండర్ల మధ్య సందుందని మనం కనిపెట్టేలోపు వాడు అటుపక్కన తేల్తాడు. బంతి దారంలా వెనకే వస్తుంది. కింద పడిపోయిన క్లబ్బుని రెండేళ్ళలో పైకి లాక్కొచ్చింది వాడే. అంత ఆటగాడికి కొంచెమైనా గర్వముండాలా వద్దా? ప్రాక్టీసు అయ్యాక వచ్చి నాతోపాటు వ్యాను కడిగేవాడు. ‘ఊరికే కూర్చుంటే మా నాన్న గుర్తొస్తాడు బాబాయ్, చేతులు ఖాళీగా పెట్టుకుంటే ఆయనకి నచ్చదు’ అనేవాడు.

నాలుగు నెలల కిందట దేశం నుంచి పిలుపొచ్చింది. మొట్టమొదటి పిలుపు! ఫోను చేత్తో పట్టుకుని వ్యాను షెడ్డులోకి పరిగెత్తుకొచ్చాడు. ‘బాబాయ్, నాన్నకి చెప్పేశా. ఏమన్నాడో తెలుసా? ఏమీ అన్లేదు. పని ఆపేశాడు బాబాయ్! పక్కనున్నాయన చెప్పాడు నాకు. సిమెంటు తడిగా ఉండగా మా నాన్న తాపీ కింద పెట్టి లేచి నిలబడ్డాడట!’ అన్నాడు.

నేనేం చేశాననుకున్నారు? కౌగలించుకున్నా. ‘శభాష్‌రా’ అన్నా. లోపల మాత్రం వేళ్ళ మీద రోజులు లెక్కేశా. అయిదో రోజున దేశం మ్యాచ్. ఎనిమిదో రోజున మా క్లబ్బుకి సీజన్లో ఆఖరి మ్యాచ్. అది గెలిస్తే పైనే ఉంటాం. లేకపోతే మళ్ళీ ఆ గీత కిందికి. మళ్ళీ పదకొండు మంది.

ఇక ఆ రోజు.

మీకు ఆ రోజు గురించి ఏం తెలుసో నాకు తెలుసు. పొద్దున్నే లేవలేదనీ, నిద్రమత్తులో విమానం పోగొట్టుకున్నాడనీ. పేపర్లో అదే రాశారు. మా క్లబ్బు సెక్రటరీకి అదే తెలుసు. మీరు కూడా ఫోన్లో, ‘దేశం పిలిస్తే నిద్రపోయేవాడు నా కొడుకు కాడు’ అని పెట్టేశారట. అవునా?

ఏడున్నరకి వాడి గది కిందికి వ్యాను తీసుకెళ్ళా. హారను మీద చెయ్యి వేశానో లేదో, మెట్ల మీద కూర్చుని కనిపించాడు. బ్యాగు కాళ్ళ మధ్యన. బూట్లు తళతళా తుడుచుకుని. ‘ఎప్పుడొచ్చి కూర్చున్నావురా?’ అంటే, ‘ఆరింటికే బాబాయ్. పడుకుంటే కదా లేవడానికి’ అన్నాడు.

విన్నారా? ఆరింటికే. మీవాడు నిద్రపోలేదు మేస్త్రిగారూ.

ఆగండి, ఆగండి. తలుపు అలా తెరుచుకోదు, లోపలి గడియ కొంచెం బిగుసుకుపోయింది, నేను తీస్తా. కానీ ముందు పూర్తిగా వినండి. సగం విని వెళ్తే వాడికి మళ్ళీ అన్యాయం జరుగుతుంది.

విమానం పదీ నలభైకి. ఎయిర్‌పోర్టు గంటన్నర దారి. కావల్సినంత టైము. వంతెన దాటుతుండగా పక్కకి చూస్తే, బూటు విప్పి చీలమండ గుండ్రంగా తిప్పుకుంటున్నాడు. ‘ఏంట్రా?’ అన్నా. ‘ఏం లేదు బాబాయ్, కొంచెం పట్టేసినట్టుంది. ఎవరికీ చెప్పకు’ అన్నాడు. అంతే. నాకు కెప్టెన్ గుర్తొచ్చాడు. వెనక సీట్లో అడ్డంగా పెట్టిన ఆ కాలు గుర్తొచ్చింది.

బైపాస్ ఎక్కాల్సిన చోట ఎక్కలేదు. గోడౌన్ల పక్కనుంచి తిప్పా. ‘ఇటేంటి బాబాయ్?’ అంటే, ‘అటు రోడ్డు తవ్వేశారు’ అన్నా. ఎవరూ ఏమీ తవ్వలేదు. గోడౌన్ల దారిలో రైల్వే గేటుంది. పొద్దున పూట అక్కడ గూడ్సు బండి వచ్చి అడ్డంగా ఆగిపోతుంది, అరగంటైనా కదలదు. ఇరవై రెండేళ్ళ నుంచి తిరుగుతున్నవాణ్ణి, నాకు తెలీదంటారా?

వాడు కిటికీలోంచి ఆ పెట్టెలు లెక్కపెట్టాడు పాపం. నలభై మూడు.

గేటు తీశాక కూడా టైముందండీ! కొంచెం గట్టిగా తొక్కితే అందేది. అప్పుడు చేశాను అసలు పని. కిలోమీటరు పోయాక పక్కకి తీసి, దిగి, వెనక్కెళ్ళి, టైరు వైపు వంగి, ‘అయ్యో, గాలి పోయినట్టుందిరా’ అన్నా.

పది నిమిషాల పని. ఏభై నిమిషాలు చేశా. జాకీ సరిగా నిలబడ్డం లేదన్నా. నట్టు తిరగడం లేదన్నా. పానా కనపడ్డం లేదన్నా, అది నా సీటు కిందే ఉంది. వాడు నీడలో కూర్చుంటే కదా? నా పక్కనే గొంతుక్కూర్చుని, ‘నేను తిప్పనా బాబాయ్, నేను పట్టుకోనా బాబాయ్’ అంటూ. ఆఖరికి మంచి చక్రం ఊడదీసి స్టెప్నీ బిగించా. ఊడదీసిన చక్రాన్ని వెనక పెడదామని వాడే దొర్లించుకుంటూ తీసుకెళ్ళాడు.

రోడ్డు మీద రాయి తగిలి అది ఎగిరింది. గాలి పోయిన టైరు ఎగురుతుందా మేస్త్రిగారూ?

ఆగాడు. బొటనవేలు పెట్టి నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. అప్పుడు నావైపు చూశాడు.

తిడతాడనుకున్నా. తిడితే బావుణ్ణు అనుకున్నా. చేతిలో పానా ఉంది, దాన్ని తుడుస్తున్నా, తుడుస్తున్నా, ఎంతసేపు తుడిచినా దాని జిడ్డు వదలదే! ‘పద బాబాయ్, వెళ్ళి చూద్దాం’ అన్నాడు. అంతే. ఎయిర్‌పోర్టు దాకా బ్యాగు ఒళ్ళో పెట్టుకుని అద్దంలోంచి రోడ్డు చూశాడు. అప్పుడు అచ్చం మీలాగే కూర్చున్నాడు.

కౌంటరు మూసేశారు. సాయంత్రం విమానంలో వెళ్ళాడు. కానీ ఆ దేశం జట్టు కోచ్ సంగతి అందరికీ తెలుసు. మధ్యాహ్నం ప్రాక్టీసుకి లేనివాడు తన జట్టులో లేనట్టే. హోటల్లో గది తాళం కూడా ఇవ్వలేదట. కింద సోఫాలో కూర్చోబెట్టి, పొద్దున్నే తిరుగు విమానం ఎక్కించేశారు. వాడి బదులు ఇంకొకణ్ణి పిలిచారు. అతను ఆ మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టాడు. ఇప్పుడా చోటు అతనిదే.

మీరు పని చేసే బిల్డింగులో తోటివాళ్ళు టీవీ తెచ్చి పెట్టారట కదా, ఆ మ్యాచ్‌కి. ఇంకా కిటికీలు బిగించని గదిలో, మీరు పరిచిన నేల మీదే అందరూ కూర్చున్నారట. వాడు ఆడటం లేదని మీకు అక్కడ, వాళ్ళందరి మధ్యలో తెలిసిందట. ఇది కూడా నాకు వాడే చెప్పాడు. వాడికి మీ తోటి మేస్త్రి చెప్పాడట.

తిరిగొచ్చాక సెక్రటరీ ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. ‘ఏం జరిగింది?’ అన్నాడు. నేను నోరు తెరిచా. నిజం చెబుదామనో, పంక్చర్ అందామనో, నాకే తెలీదు. ఈలోపే మీవాడు, ‘నేనే లేవలేదు సార్. బాబాయ్ కిందనుంచి గంటసేపు హారన్ కొట్టాడు. నాకు వినపళ్ళేదు’ అన్నాడు.

పంక్చర్ అని చెప్పొచ్చుగా, ఎందుకు చెప్పలేదంటారా? చెప్తే టైరు తెమ్మంటారు. టైరు చూస్తే నా పని అయిపోతుంది. అదంతా వాడు ఒక్క క్షణంలో ఆలోచించేశాడు. ఆ ఇద్దరు డిఫెండర్ల మధ్య సందు చూసినట్టే, నన్ను దాటించే సందు చూశాడు. తను మాత్రం అందులో ఇరుక్కుపోయాడు.

ఆ తర్వాత వాడు ఏ మైదానానికెళ్ళినా, బంతి కాలికి తగిలితే చాలు, అవతలివాళ్ళ స్టాండులో గురకలు. ఊహించుకోండి, నాలుగైదు వేల మంది ఒక్కసారిగా గురక పెడితే ఎలా ఉంటుందో! వాడు తలెత్తకుండా ఆడేవాడు. నేను వ్యానులో కూర్చుని చెవులు మూసుకునేవాణ్ణి.

అడిగా ఓసారి. ‘ఎందుకురా ఇలా చేశావ్?’ అని. వ్యాను కడుగుతున్నాం అప్పుడు. బక్కెట్లో గుడ్డ పిండుతూ, ‘ఈ క్లబ్బు లేకపోతే నువ్వేమైపోతావు బాబాయ్? నాకేం, ఇంకో పిలుపొస్తుందిలే’ అన్నాడు.

ఇరవై నాలుగేళ్ళవాడు. వస్తుందనే అనుకుంటాడు. నేనూ అనుకున్నా.

అన్నట్టు, ఆ ఆఖరి మ్యాచ్ సంగతి చెప్పలేదు. గెలిచాం. గోలు ఎవరు కొట్టారు? వాడే. చీలమండకి పట్టీ వేసుకుని, ముగ్గుర్ని దాటుకుని. నేనేం చేశానో తెలుసా? ఏడ్చా. సంతోషం పట్టలేక ఏడ్చా. పక్కనున్న ఎవడో ముక్కూమొహం తెలీనివాణ్ణి పట్టుకుని ముద్దులు పెట్టా. ఆ క్షణాన నాకు గూడ్సు బండీ గుర్తులేదు, టైరూ గుర్తులేదు. ‘చూశావా, నువ్వు చేసింది మంచిపనే’ అని నాకు నేనే చెప్పుకున్నా. వాడు మాత్రం గోలు కొట్టి మావైపు రాలేదు. చేతులెత్తలేదు. తల వంచుకుని మధ్య గీత దగ్గరికి నడుచుకుంటూ పోయాడు. అందరూ ‘ఎంత అణకువ!’ అన్నారు. నాకు తెలుసు అది అణకువ కాదని.

ఇప్పుడు కూడా, ఆ గోలు లేకపోతే బావుణ్ణని అనుకోమంటే నావల్ల కావడం లేదండీ. ప్రయత్నించా. ఆ రోజుని వెనక్కి తిప్పేస్తా, విమానం ఎక్కించేస్తా, అన్నీ సరిచేస్తా, తీరా ఆ గోలు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. ఇలాంటివాణ్ణి నేను.

మొన్న శనివారం కాలు విరిగింది కదా. ఎక్కడ విరిగింది? ఏ పరాయి దేశంలోనూ కాదు. మా మైదానంలో, మా గడ్డి మీద. ఎవడూ తగల్లేదు, ఎవడూ పడదోయలేదు. పక్కకి తిరిగాడు, అంతే. మూల దగ్గర, ఆ నీళ్ళు నిలిచే చోట. చప్పుడు నాకు స్టాండు దాకా వినపడింది. స్ట్రెచర్ ఒక పక్క నేనే పట్టుకున్నా. నేనెంతో భద్రంగా దాచుకున్నాననుకున్న కాలు మేస్త్రిగారూ, అదే కాలు.

‘నడుస్తాడు’ అన్నాడు డాక్టరు. నేను అడిగింది అది కాదు. మళ్ళీ అడిగా. ‘నడుస్తాడండీ’ అన్నాడు మళ్ళీ.

నిన్న వాడి మంచం పక్కన కూర్చుని, ‘సెక్రటరీకి వెళ్ళి అంతా చెప్పేస్తాన్రా’ అన్నా. ‘ఇప్పుడెందుకు బాబాయ్? నీ ఉద్యోగం పోతుంది, నేను అబద్ధాలకోరునవుతా, ఇద్దరం చెడతాం’ అని నవ్వాడు. ఆ నవ్వు చూడలేక బయటికొచ్చి మీకు ఫోన్ చేశా. క్లబ్బువాళ్ళు చెయ్యమన్నారని చెప్పా కదూ? ఎవరూ చెయ్యమనలేదు. నేనే చేశా. సెక్రటరీకి చెప్పొద్దన్నాడు గానీ, మీకు చెప్పొద్దని వాడు అన్లేదు. అడిగితే అనేవాడేమో, అందుకే అడగలేదు.

ఇదండీ జరిగింది. ఇంకేం దాచలేదు.

తిట్టండి. కావాలంటే కొట్టండి. ఎవరూ చూడరు, చూసినా నేనేం అనను.

ఏంటి? మళ్ళీ చెప్పండి, వినపళ్ళేదు... ఏ అంతస్తా?

మూడు. మూడో అంతస్తు. లోపలికెళ్ళగానే ఎడమవైపు లిఫ్టుంది, మెట్లెక్కకండి. ఎడమకి మూడో గది. కిటికీ పక్క మంచం. నిద్రపోతుంటే... లేపండి. పర్లేదు, లేపండి.

ఉండండి, గడియ తీస్తా. చెయ్యి పట్టుకోండి దిగేటప్పుడు, మీ మోకాళ్ళకి ఈ మెట్టు ఎత్తు. వద్దా? సరే. వద్దు.

మేస్త్రిగారూ! ఒక్క నిమిషం. ఇది కూడా చెప్పేస్తా, మళ్ళీ ధైర్యం చాలదు. ఇవాళ పొద్దున దేశం జట్టు పేర్లు వచ్చాయి. మా గోల్‌కీపర్‌ది ఉంది, ఇంకో ఇద్దరివి ఉన్నాయి. చదవగానే నాకేం అనిపించిందో తెలుసా? సంతోషం కాదు. ‘అయ్యో’ అనిపించింది! మీవాడు పైన కాలు పైకి కట్టించుకుని పడుకుని ఉండగా, ఇంత జరిగాక కూడా! వెంటనే సెక్రటరీ దగ్గరికెళ్ళి, ఎయిర్‌పోర్టు ట్రిప్పులకి ఇంకెవర్నైనా పంపండి సార్, నాకు చూపు ఆనడం లేదు అన్నా. చూపుకేం? శుభ్రంగా ఉంది. ఇంతకన్నా నిజం చెప్పడానికి నోరు రాలేదు.

వెళ్తున్నారా. వెళ్ళండి.

మీరు దిగొచ్చేదాకా నేనిక్కడే ఉంటా. ఈ బండి ఎక్కబుద్ధి కాకపోతే, గేటు బయట బస్సు ఆగుతుంది. ఎక్కితే ఎక్కండి, లేకపోతే మానెయ్యండి, మీ ఇష్టం. నాకైతే ఇవాళ వెళ్ళాల్సిన చోటేం లేదు.